బిగ్ ఐలాండ్‌లో వారమంతా వానేనట, ఇక ఫార్మర్స్ మార్కెట్లు చుట్టడమేనా?

డాలస్_దొరబాబు
డిసెంబర్ చివర్లో హవాయి బిగ్ ఐలాండ్ వెళ్తున్నాం. నేను, మా ఆవిడ, పాప, ఇండియా నుంచి వచ్చిన అమ్మా నాన్నా. పడమటి ఒడ్డున కోనా వైపు హోటల్ రేట్లు చూసి కళ్ళు తిరిగి తూర్పున హిలోలో కిచెన్ ఉన్న ఇల్లు బుక్ చేశా. ఇప్పుడు వెదర్ యాప్ తెరిస్తే వారం పొడుగునా మబ్బూ చినుకుల బొమ్మే, సూర్యుడి బొమ్మ ఒక్కటి లేదు. మా ఆవిడేమో బీచ్ పోతే పోయింది, అక్కడ ఫార్మర్స్ మార్కెట్లు బాగుంటాయట, రోజుకొకటి తిరుగుదాం, అత్తయ్యగారు ఎలాగూ బయట తినరు, కూరగాయలు తెచ్చి వండుకుందాం అంటోంది. అన్ని వేల డాలర్లు తగలేసి పసిఫిక్ మధ్యలోకి పోయి కూరగాయల సంతలో గొడుగేసుకుని నిలబడటమేంటో నాకర్థం కావట్లా. వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి, ఒక గంటలో చూసి వచ్చేసే సరుకా, లేక నిజంగానే దానికోసం రోజు పెట్టాలా? అమ్మానాన్న పక్కా శాకాహారులు. నాన్నకి షుగర్ ఉంది, కిడ్నీ టెస్టులో క్రియాటినిన్ కూడా కాస్త ఎక్కువ.

నిద్రమత్తు
కూకట్‌పల్లి రైతుబజార్‌కి ఇంతకంటే తక్కువలో పోయిరావచ్చు కదా బాస్

సీమ_టపాకాయ
బుకింగ్ కాన్సిల్ అయితే కాన్సిల్ కొట్టి కోనాకి మారిపో. హిలో అంటేనే వాన. మేం పోయినప్పుడు బట్టలు ఆరలేదు, బూట్లు ఆరలేదు, పిల్లోడి ముక్కు ఆరలేదు.

పునా_పక్కింటాయన
నేను పునాలోనే ఉంటా, హిలోకి అరగంట దూరం. ముందు ఆ యాప్ మూసెయ్యండి. ఇక్కడ ఏ రోజు తెరిచినా అదే బొమ్మ చూపిస్తుంది. ఏడాదికి 120 అంగుళాల పైన పడే ఊరు ఇది, అంటే 3000 మిల్లీమీటర్లు దాటి, హైదరాబాద్‌లో 800 దగ్గర పడుతుంది, లెక్కేసుకోండి. కాకపోతే చాలా రోజులు మన ముసురులాగా పొద్దుట్నుంచి రాత్రిదాకా పట్టుకుని కూర్చోదు. రాత్రంతా దంచుతుంది, పొద్దున్న తెరిపిస్తుంది, మధ్యాహ్నం మళ్ళీ ఒక జల్లు. ఈశాన్యం గాలి సముద్రం మీది తడి అంతా మోసుకొచ్చి మౌనా కెయా, మౌనా లోవా కొండలకి కొట్టుకుని ఇటువైపే దించేస్తుంది, అటు కోనా వైపు దిగేసరికి అందులో ఏం మిగలదు. ఆ వాన లేకపోతే మీరు చూడబోయే పళ్ళ కుప్పలు కూడా ఉండవు మరి.

మార్కెట్ల సంగతి. హిలోది రోజూ ఉంటుంది గానీ అసలు సంత బుధవారం, శనివారం. కమేహమేహా అవెన్యూ, మామో వీధి కలిసే మూల. 1988లో నలుగురు రైతులు ట్రక్కుల వెనక పెట్టుకుని అమ్మడంతో మొదలైందంటారు, ఇప్పుడు పెద్ద రోజుల్లో రెండొందల మంది దాకా కూర్చుంటారు. వానొచ్చినా నడుస్తూనే ఉంటుంది. ఆదివారం అయితే వోల్కనో ఊళ్ళో కూపర్ సెంటర్ దగ్గర ఇంకోటి, పొద్దున 6కే మొదలెట్టి 10 కల్లా సర్దేస్తారు. అది నాలుగు వేల అడుగులకి కాస్త తక్కువ ఎత్తు, చలేస్తుంది, స్వెట్టర్ కావాలి. హవాయిలో స్వెట్టర్ ఏంటని నవ్విన చుట్టాలందరూ అక్కడ నా జాకెట్ అడిగినవాళ్ళే. అక్కణ్ణుంచి అగ్నిపర్వతాల నేషనల్ పార్క్ పక్కనే, అటునుంచి అటే పోవచ్చు.

మేఘమాల
దొరబాబు గారూ మీ ఆవిడ మాట వినండి, చెప్పేది అంతే 😀

డాలస్_దొరబాబు
@పునా_పక్కింటాయన థాంక్సండీ, కానీ పళ్ళు కొనడానికి ఎంతసేపు పడుతుంది చెప్పండి? అరగంట. మిగతా రోజంతా?

బే_ఏరియా_బాబాయ్
నాయనా అరగంట అన్నావు చూడు, అమ్మని తీసుకెళ్ళి చూడు తెలుస్తుంది. మా అమ్మ అక్కడ ఫిలిప్పీన్స్ ఆవిడ దగ్గర మునగాకు కట్ట చూసి ఆగింది. ఇద్దరికీ భాష రాదు. ఈమె పప్పులో వేస్తాం అని చేత్తో చూపించడం, ఆమె చికెన్ సూపులో వేస్తాం అని చూపించడం, మా అమ్మ ఛీఛీ అనడం, ఆవిడ నవ్వడం. నేను కాఫీ తాగొచ్చి, కారు దగ్గరికెళ్ళొచ్చి, మళ్ళీ వస్తే ఇంకా అక్కడే ఉన్నారు.

గోదారోడు
మునగాకు అమ్ముతారా అక్కడ??

పునా_పక్కింటాయన
మునగాకు ఏంటండీ, మునక్కాడలు, కాకరకాయ, పొడుగు చిక్కుళ్ళు, చామదుంపలు, చామాకు అన్నీ. చెరుకు తోటల్లో పనికి ఫిలిప్పీన్స్, జపాన్, పోర్చుగల్ నుంచి జనం వచ్చారు కదా, తోటలు పోయినా వాళ్ళ పెరళ్ళు ఉండిపోయాయి. మన వంటకి కావాల్సింది సగం ఆ పెరళ్ళలోంచే వస్తుంది. పప్పులు, చింతపండు, ఇంగువ, పోపు గింజలు మాత్రం డాలస్ నుంచి మోసుకురండి.

మేఘమాల
శాకాహారులతో వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది, రెస్టారెంట్ ఆశ పెట్టుకోకండి. మేం అత్తగారితో వెళ్ళినప్పుడు మార్కెట్ కూరలతోనే గడిచింది. చామాకు పప్పు, కాకరకాయ వేపుడు, సీమపనస వేపుడు. సీమపనస అంటే అక్కడ ఉలు అంటారు, ముదురు కాయ తీసుకుని ముక్కలు కోసి ఉడికించి వేయిస్తే బంగాళాదుంప ఎందుకూ పనికిరాదు. పండింది తీసుకోకండి, మెత్తగా తియ్యగా అయిపోతుంది. చామాకు మాత్రం బాగా ఉడకాలండోయ్, పచ్చిగా ఉంటే గొంతు దురద పట్టుకుంటుంది, అక్కడివాళ్ళు కూడా గంటలు గంటలు ఉడికిస్తారు.

గోదారోడు
సీమపనస పేరెత్తారు, మా కోనసీమ గుర్తొచ్చి నోరూరింది. మా పెద్దమ్మగారి పెరట్లో చెట్టుండేది. నేనింకా హవాయి అంటే బికినీలు అనుకున్నా, ఇదంతా మా అమలాపురం వ్యవహారంలా ఉందే

నిద్రమత్తు
అమలాపురానికి వీసా అక్కర్లేదు

సీమ_టపాకాయ
అందరూ మార్కెట్ మార్కెట్ అని ఎగురుతున్నారు కదా, ఒక సంగతి చెప్తా. ఆ దీవిలోనే ఒక సంతలో, పేరు ఎందుకులే, ద్రాక్షలు, ఆపిల్స్, ఉల్లిపాయలు, పొట్లం కట్టిన క్యారెట్లు అమ్ముతున్నారు. ఆపిల్ ఆ ఉక్కలో ఎక్కడ పండింది తల్లీ అని అడిగితే నవ్వి ఊరుకుంది. హోల్‌సేల్‌లో తెచ్చి బల్ల మీద పోసి అమ్మితే దాన్ని ఫార్మర్స్ మార్కెట్ అంటారా? రైతు ఏడీ?

రైతుబిడ్డ_నల్గొండ
టపాకాయ అన్న చెప్పింది నిజమే, ఒక్క హవాయి అనే కాదు ఎక్కడైనా ఉన్న గొడవే. మన దగ్గర 1999 జనవరి 26న రైతుబజార్లు పెట్టినప్పుడు రైతు గుర్తింపు కార్డు ఉంటేనే కూర్చోనివ్వాలె అని రూల్ పెట్టింది ఇందుకే, దళారి దూరకుండా. అయినా దూరిండు, అది వేరే ముచ్చట. హవాయిల తినే తిండిల 80, 90 శాతం ఓడల మీద బయటి నుంచే వస్తదంటరు. గట్లాంటి చోట సంతల కూడ కొంత ఓడ సరుకు కనబడుడు వింతేం కాదు. చూసి కొనాలె అంతే.

పునా_పక్కింటాయన
చూడటం ఎలాగంటే, బల్ల మీద అన్ని రకాలూ సూపర్ మార్కెట్‌లో ఉన్నట్టు ఉంటే అనుమానపడండి. ఒకడి బల్ల మీద మూడు రకాలే ఉండి, సైజులు ఎగుడుదిగుడుగా ఉండి, మట్టి ఇంకా ఆరకపోతే వాడు రైతు. ఇది మీరే పండించారా అని మొహం మీద అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు. పండించినవాడు చెట్టు ఎన్నేళ్ళది, ఈసారి పందులు ఎంత పాడుచేశాయి అన్నీ చెప్తాడు, మీకే ఆపడం కష్టం అవుతుంది.

బే_ఏరియా_బాబాయ్
పందులా?

పునా_పక్కింటాయన
అడవి పందులు. రాత్రి వచ్చి తోటలు దున్నేస్తాయి. పందులు ఒకవైపు, నిప్పుచీమలు ఒకవైపు, కోకీ కప్పలు ఇంకోవైపు.

కృష్ణాతీరం_కుర్రది
ఆ కప్పల గురించి ముందే హెచ్చరించండి ఎవరైనా!! గోరంత కప్ప, రాత్రి పొద్దుగూకగానే కో-కీ కో-కీ అని వందలాది మొదలెడతాయి, మా ఆయన పొగ అలారం మోగుతోందనుకుని స్టూల్ ఎక్కి బ్యాటరీ తీశాడు. తీసినా మోగుతూనే ఉంది.

నిద్రమత్తు
నా హ్యాండిల్ పెట్టుకుని అక్కడికి వెళ్ళకూడదన్నమాట

పునా_పక్కింటాయన
ప్యూర్టోరికో నుంచి మొక్కల కుండీల్లో వచ్చాయి 1980ల చివర్లో. వానంటే వాటికి పండగ. ఇయర్ ప్లగ్స్ తెచ్చుకోండి.

డాక్టరమ్మ
దొరబాబు గారూ, మీ మొదటి పోస్ట్‌లో నాన్నగారికి క్రియాటినిన్ ఎక్కువ అన్నారు, దాని గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి రాస్తున్నా. స్టార్ ఫ్రూట్ ముట్టుకోనివ్వకండి. శాంపిల్ ముక్క కూడా వద్దు, జ్యూస్ అసలు వద్దు. కిడ్నీలు సరిగా పనిచెయ్యని వాళ్ళలో అందులోని విషపదార్థం బయటికి పోక మెదడు మీద పనిచేస్తుంది, ఆగని ఎక్కిళ్ళతో మొదలై మతి తప్పడం, ఫిట్స్ దాకా వెళ్ళిన కేసులు ఉన్నాయి. అలాగే నోనీ జ్యూస్ అని ఆరోగ్యానికి మంచిదని సీసాల్లో అమ్ముతారు, పొటాషియం చాలా ఎక్కువ, అదీ వద్దు. కొబ్బరినీళ్ళు, అరటిపళ్ళు ఎంతవరకు అనేది ఆయన్ని చూసే డాక్టర్‌ని అడిగి బయల్దేరండి.

డాలస్_దొరబాబు
మేడమ్ ఇది నాకు అస్సలు తెలీదు. నాన్నకి పుల్లటి పళ్ళంటే ప్రాణం, ఇక్కడే స్టార్ ఫ్రూట్ అడిగారు ఒకసారి. చాలా థాంక్స్.

డాక్టరమ్మ
ఇంకోటి కూడా చెప్పేస్తా, భయపెట్టడానికి కాదు. బిగ్ ఐలాండ్‌లో, ముఖ్యంగా హిలో, పునా వైపు, ర్యాట్ లంగ్‌వార్మ్ అనే నులిపురుగు జబ్బు ఉంది. ఎలుకల్లో ఉండే పురుగు, నత్తలు, స్లగ్స్ ద్వారా ఆకుకూరల మీదికి వస్తుంది. పచ్చిగా తింటే మెదడు పొరల వాపు రావచ్చు. ఏడాదికి వచ్చేది కొద్దిమందికే, కానీ వచ్చినవాళ్ళు పడే బాధ మామూలుది కాదు. వానాకాలంలో స్లగ్స్ ఎక్కువ. ఆకు ఆకు విడదీసి కుళాయి కింద కడగండి, ఉడికించి తినండి. పచ్చి సలాడ్ మానెయ్యండి. ఉప్పునీళ్ళలోనో వెనిగర్‌లోనో నానబెట్టాం కదా అని ధీమా పడొద్దు.

సీమ_టపాకాయ
చూశారా! నేను చెప్తే నమ్మలేదు. కోనా పో అన్నా.

మేఘమాల
టపాకాయ గారూ కోనాలో కూడా ఆకులు కడుక్కునే తినాలి 🙄 మనం ఆకుకూర పచ్చిగా తినేదెప్పుడు అసలు? పప్పులో వేసి ఉడికిస్తాం, అయిపోయింది. మన వంట మనల్ని కాపాడుతుంది ఇక్కడ.

పునా_పక్కింటాయన
డాక్టరమ్మ గారు చెప్పింది అక్షరాలా నిజం, మేం ఇక్కడ ఉంటూ పాటించేది అదే. పళ్ళ విషయంలో తొక్క తీసి తినేవి అయితే తొక్క కడిగి తీసుకోండి చాలు. గ్రీన్ స్మూతీలు అమ్మేచోట ఎంత బాగా కడిగారో మనకి కనపడదు కాబట్టి నేను తాగను, మీ ఇష్టం.

గోదారోడు
సరే భయాలు అయ్యాయి, ఇక తిండి సంగతి. డిసెంబర్‌లో ఏం పళ్ళు దొరుకుతాయి? మామిడి ఉంటుందా?

పునా_పక్కింటాయన
మామిడి ఎండాకాలం సరుకు. లీచీ కూడా మే, జూన్ తర్వాత. డిసెంబర్‌లో రాంబుటాన్ దండిగా ఉంటుంది, ఉమ్మెత్తకాయకి ఎర్ర రంగేసి వెంట్రుకలు అతికించినట్టు ఉంటుంది, లోపల తెల్లటి గుజ్జు. అదృష్టం ఉంటే మాంగోస్టీన్. అవకాడోలు, నారింజ జాతి పళ్ళు, తెల్ల పైనాపిల్, బొప్పాయి ఎప్పుడూ. ఆపిల్ బనానా అని చిన్న అరటిపళ్ళు ఉంటాయి, కాస్త పులుపు తగిలే తీపి, అమ్మగారికి నచ్చుతాయి. లక్ష్మణఫలం, లిలికోయ్ కూడా చూస్తుండండి. లిలికోయ్ అంటే పాషన్ ఫ్రూట్, తొక్క ముడతలు పడ్డదే తియ్యగా ఉంటుంది, నున్నగా మెరుస్తుంటే ఆగండి.

గోదారోడు
వాళ్ళ మామిడి తిన్నా ఒకసారి జూలైలో, హేడెన్ అట. బాగుంది. కానీ బంగినపల్లి ముందు నిలబడదు.

కృష్ణాతీరం_కుర్రది
ఈ వాక్యం లేకుండా తెలుగువాళ్ళ చర్చ ఒక్కటైనా ముగిసిందా

రైతుబిడ్డ_నల్గొండ
బొప్పాయి గురించి ఒక మాట. హవాయి బొప్పాయిల ఎక్కువ శాతం జన్యుమార్పిడిది, తెలిసి తినుండ్రి. మన దగ్గర బీటీ వంకాయ ఆపినం, ఆడ మాత్రం ఎప్పటినుంచో బజార్ల అమ్ముతున్నరు.

విత్తనాల_వీరయ్య
అన్నా దాంట్లో తప్పేముంది? కథ మొత్తం చెప్పాలి కదా. 1992లో రింగ్ స్పాట్ వైరస్ పునాలో దిగింది, ఉన్న తోటలన్నీ మోడులైపోతున్నాయి. హవాయిలోనే పుట్టి పెరిగిన డెన్నిస్ గొన్సాల్వెస్ అనే శాస్త్రవేత్త బృందం వైరస్‌లోని ఒక ముక్కనే మొక్కలో పెట్టి టీకా లాంటిది తయారుచేసింది. 1998లో రెయిన్‌బో అనే రకం రైతులకి ఇచ్చారు. అది రాకపోతే పునాలో బొప్పాయి అనేదే ఉండేది కాదు. చిన్న రైతుల్ని బతికించింది అది.

రైతుబిడ్డ_నల్గొండ
బతికించింది, కాదనట్లే. జపాన్ అయితే ఏండ్లకేండ్లు కొనలే కదా ఆ పండు, 2011 దాక. అమ్ముకునేటోనికి అదీ నష్టమే. తినేటోనికి లేబుల్ ఉండాలె అన్నదే నా మాట.

విత్తనాల_వీరయ్య
లేబుల్‌కి నేనూ ఓకే. కానీ 2013లో బిగ్ ఐలాండ్ కౌంటీ (అక్కడి జిల్లా ప్రభుత్వం) జన్యుమార్పిడి పంటల మీద ఆంక్షల చట్టం చేసినప్పుడు బొప్పాయికి మినహాయింపు ఇచ్చింది, ఎందుకో ఆలోచించండి. తర్వాత ఏడాది ఫెడరల్ కోర్టు ఆ చట్టాన్నే కొట్టేసింది, అది వేరే విషయం.

నిద్రమత్తు
హాలిడే ప్లాన్ అడిగితే కోర్టు తీర్పుల దాకా వెళ్ళాం. దొరబాబు ఉన్నాడా పారిపోయాడా

డాలస్_దొరబాబు
ఉన్నా ఉన్నా. మా ఆవిడ పక్కనే కూర్చుని చదువుతోంది, ప్రతి పోస్ట్‌కీ "చూశావా" అంటోంది. వద్దనుకునేవాళ్ళు జన్యుమార్పిడి కాని బొప్పాయి ఎలా అడగాలి?

విత్తనాల_వీరయ్య
రెయిన్‌బో లోపల పసుపు, జన్యుమార్పిడి కాని సన్‌రైజ్ ఎరుపు. కానీ రంగు చూసి తేల్చలేం, సన్‌అప్ అనే జన్యుమార్పిడి రకం కూడా ఎరుపే. ఆర్గానిక్ సర్టిఫికెట్ ఉన్న రైతు దగ్గర కొనుక్కోండి, ఆర్గానిక్‌లో జన్యుమార్పిడి ఒప్పుకోరు.

పునా_పక్కింటాయన
2018లో లావా వచ్చి కపోహో వైపు బొప్పాయి తోటలు చాలా మింగేసింది. పండేదే తక్కువైన రోజుల్లో ఏ రకమా అని ఎవరూ అడగలేదు, దొరికితే చాలు అనుకున్నాం.

బే_ఏరియా_బాబాయ్
బేరం ఆడొచ్చా? అసలు ప్రశ్న ఇది.

కృష్ణాతీరం_కుర్రది
వద్దు బాబాయ్! మా అమ్మ ఆడింది, నేను నేలలోకి కుంగిపోయా.

బే_ఏరియా_బాబాయ్
ఆడితే ఇచ్చారా లేదా?

కృష్ణాతీరం_కుర్రది
...ఇచ్చారు. రెండు అరటిపళ్ళు కొసరు కూడా వేశారు.

రైతుబిడ్డ_నల్గొండ
రైతు పెట్టిన ధర మీద బేరం చెయ్యొద్దు అనేది నా పట్టింపు. వానల తడుసుకుంట నిలబడ్డడు. మాల్‌ల బేరం ఆడమా, ఈడ ఆడుతం.

మేఘమాల
నేనూ అదే పక్షం. కానీ సాయంత్రం సర్దేసే టైముకి వెళ్తే వాళ్ళే తగ్గించి ఇస్తారు, మళ్ళీ ఇంటికి మోయడం ఎందుకని. పండిపోయిన పళ్ళు చవగ్గా వస్తాయి, ఆ రాత్రే తినెయ్యాలంతే. నోట్లు చిల్లర పెట్టుకోండి, చాలామంది కార్డ్ తీసుకోరు. ఇంటి నుంచి గుడ్డ సంచులు, ఒక చాకు కూడా. చాకు చెక్-ఇన్ లగేజీలో పెట్టండి మళ్ళీ!

సీమ_టపాకాయ
సరే నేను ఒప్పుకుంటా, కూరగాయలు ఓకే. కానీ వండిన తిండిలో శాకాహారం ఏముంది? అన్నిట్లో పంది, స్పామ్ (డబ్బాలో వచ్చే పంది మాంసం), చేప. అన్నం ముద్ద మీద పెట్టి నల్లటి ఆకు చుట్టి ఇస్తే బాగుందని కొరికా, మధ్యలో స్పామ్. మా నాయనమ్మ పైనుంచి చూసుంటుంది.

పునా_పక్కింటాయన
అది ముసుబి. అడక్కుండా ఏదీ కొరకొద్దు. శాకాహారులకి కులోలో చెప్తా, చామదుంప తురిమి కొబ్బరిపాలు, పంచదార కలిపి ఆవిరి మీద గట్టిపడేదాకా ఉడికించే స్వీటు, జిగటగా ఉంటుంది, చాలా బాగుంటుంది. పోయ్ కూడా శాకాహారమే, చామదుంప ఉడికించి నూరిన ముద్ద, కానీ మొదటిసారి తిన్నవాళ్ళెవరూ మళ్ళీ అడగలేదు మా ఇంట్లో. బటర్ మోచీ అని బియ్యప్పిండి కేకులో గుడ్డు వేస్తారు, మలసాదా అనే పోర్చుగీసు డోనట్‌లో కూడా. లావులావు అయితే చామాకులో చుట్టిన పంది, చేప, ఆకు చూసి మోసపోకండి.

గోదారోడు
పోయ్ కి ఆవకాయ వేసుకుంటే?

పునా_పక్కింటాయన
ప్రయత్నించా. ఇంట్లోంచి గెంటేశారు.

కవాయి_కోడలు
దీవి ఏదైనా పర్లేదు అనుకునేవాళ్ళకి, మా కవాయిలో కౌంటీ వాళ్ళు నడిపే మార్కెట్లు ఉన్నాయి, పేరు సన్‌షైన్ మార్కెట్లు, జోరువానలో కూడా పేరు అదే 😂 వేర్వేరు రోజుల్లో వేర్వేరు ఊళ్ళలో పెడతారు. తాడు కట్టి ఉంచుతారు, టైమ్ అయ్యేదాకా లోపలికి వెళ్ళకూడదు, అమ్మకూడదు. తాడు తియ్యగానే ముసలమ్మలు పరిగెత్తే స్పీడ్ చూడాలి. టూరిస్టులు ఫోటోలు తీసుకునే లోపు మంచి సరుకు అయిపోతుంది. వాళ్ళు వెళ్ళే బల్లల వెంటే వెళ్ళండి, అదే నా చిట్కా.

డాలస్_దొరబాబు
అమ్మ ఒకటే ప్రశ్న, పూలు దొరుకుతాయా అని. రోజూ పూజకి కావాలట.

కవాయి_కోడలు
పూలకి కొదవా? ఆంథూరియంలు, ఆర్కిడ్లు బకెట్లలో పెట్టి అమ్ముతారు హిలోలో, డాలస్‌లో ఒక పువ్వుకి ఇచ్చే డబ్బుకి అక్కడ ఒక కట్ట వస్తుంది. దేవగన్నేరు దండలు కూడా. మల్లెపూల దండ కూడా ఉంటుంది, అక్కడ పికాకే అంటారు, కానీ అది ఎండాకాలంలోనే ఎక్కువ, ఖరీదు కూడా. డిసెంబర్‌లో ఆశ పెట్టించకండి అత్తయ్యగారికి.

బే_ఏరియా_బాబాయ్
దండ వేసుకునే ఫ్లైట్ ఎక్కొచ్చా తిరుగు ప్రయాణంలో?

విత్తనాల_వీరయ్య
ఎక్కొచ్చు, నారింజ నిమ్మ జాతి పూలు, ఆకులు, ఇంకా వాళ్ళు వద్దనే ఒకట్రెండు రకాల పూలు అందులో లేకపోతే. హవాయి నుంచి మెయిన్‌ల్యాండ్ వచ్చేటప్పుడు సామాను చెక్-ఇన్ చేసే ముందే వ్యవసాయ శాఖ వాళ్ళ స్కానర్ దగ్గరికి వెళ్ళాలి. పైనాపిల్, కొబ్బరికాయ, వేయించిన కాఫీ గింజలు, మకడేమియా పప్పులు ఓకే. మామిడి, రాంబుటాన్, లీచీ సంచిలో పెట్టుకుని తీసుకెళ్ళనివ్వరు. పచ్చి చిలగడదుంపా కుదరదు. పండు ఈగలు, పురుగులు అటు దాటకూడదని. బొప్పాయి అయితే ట్రీట్ చేసి సీల్ వేసిన పెట్టె కొనుక్కుంటేనే.

నిద్రమత్తు
అంటే కొన్నదంతా అక్కడే తినెయ్యాలి. షుగర్ ఉన్నవాళ్ళ సంగతేంటి

డాక్టరమ్మ
కొంచెం కొంచెం తినాలి, ఇంకేముంది. అన్నం తగ్గించి పండు తినండి, అన్నం తిన్నాక పండు కాదు.

డాలస్_దొరబాబు
ఇంతకీ టపాకాయ గారి కోనా పాయింట్ కూడా వదలను. పాపకి ఒక్కరోజు బీచ్ కావాలి. హిలోలో ఉంటూ కోనా వెళ్ళి రావడం కుదురుతుందా?

సీమ_టపాకాయ
హమ్మయ్య, ఒక్కడైనా విన్నాడు. సాడిల్ రోడ్ మీద గంటన్నర, రెండు గంటలు. రెండు కొండల మధ్యలోంచి పోతుంది, హిలోలో వాన, పైన పొగమంచు, అటు దిగేసరికి కళ్ళు చెదిరే ఎండ. కోహలా తీరంలో ఏడాదికి 10 అంగుళాల దగ్గరే పడుతుంది, మా అనంతపురం కంటే తక్కువ. బీచ్ అయ్యాక మీ మార్కెట్ పిచ్చి కూడా తీర్చుకో, కోనాలో అలీయి డ్రైవ్ మీద ఒకటుంది, బుధవారం నుంచి ఆదివారం దాకా.

మేఘమాల
టపాకాయ గారికి కూడా మార్కెట్లు తెలుసన్నమాట 😏

సీమ_టపాకాయ
మా ఆవిడకి తెలుసు. నేను సంచి పట్టుకుంటా.

పునా_పక్కింటాయన
శనివారం బీచ్‌కి పోయేట్టయితే ఒక పని చెయ్యండి, సాడిల్ రోడ్ కాకుండా ఉత్తరం వైపు తీరం రోడ్డు పట్టుకుని వైమేయా మీదుగా వెళ్ళండి. శనివారం పొద్దున్న ఆ ఊళ్ళో సంతలు ఉంటాయి, పుకలాని స్టేబుల్స్ అని పాత గుర్రపుశాలల దగ్గర ఒకటి. పశువుల ఊరు అది, చల్లగా ఉంటుంది, సన్నటి తుంపర. హిలో సంతలో అమ్మేవి అక్కడ అంతగా కనపడవు, చలి కూరలు, క్యాబేజీ, పాలకూర లాంటివి ఎక్కువ. పదింటికల్లా అక్కడ ముగించి కిందికి దిగితే హాపునా బీచ్ దగ్గరే. హిలో పెద్ద సంతకి బుధవారం వెళ్ళండి అలాంటప్పుడు. ఆ బుధవారం సాయంత్రం ఓపికుంటే కలపానాలో రాత్రి సంత, పాటలు పాడతారు. 1990లో లావా ఆ ఊరిని కప్పేసింది, రోడ్డు అక్కడితో ఆగిపోతుంది, నల్లరాయి మీద నడుచుకుంటూ సముద్రం దాకా వెళ్ళొచ్చు.

కృష్ణాతీరం_కుర్రది
కలపానా చీకట్లో డ్రైవింగ్ కాస్త జాగ్రత్త, వానలో రోడ్డు కనపడదు, లైట్లు ఉండవు. పెద్దవాళ్ళు ఉన్నారు కాబట్టి చీకటి పడేలోపు తిరిగి బయల్దేరడం బెటర్.

డాలస్_దొరబాబు
బుధవారం హిలో, శనివారం వైమేయా ప్లస్ బీచ్, ఆదివారం వోల్కనో. మరి బుధవారం మధ్యాహ్నం జల్లు పడితే అమ్మానాన్నని ఎక్కడ కూర్చోబెట్టాలి?

పునా_పక్కింటాయన
మార్కెట్ నుంచి నడిచి వెళ్ళే దూరంలో సునామీ మ్యూజియం ఉంది, అదే కమేహమేహా అవెన్యూ మీద. 1946లో, 1960లో సునామీలు వచ్చి ఆ ఒడ్డున ఉన్న ఇళ్ళూ కొట్లూ ఊడ్చేశాయి, అందుకే ఇప్పుడు సముద్రం పక్కన అంత ఖాళీగా పచ్చిక మైదానాలు. బతికి బయటపడ్డవాళ్ళు చెప్పిన మాటలు అక్కడ రికార్డు చేసి పెట్టారు. మధ్యలో మూతపడింది కూడా, తెరిచి ఉందో లేదో చూసుకునే వెళ్ళండి. పళ్ళ సంచులు కారులో పెట్టి వెళ్ళండి, నల్ల కారైతే కిటికీ కాస్త దించి, ముందు మెత్తబడేది లక్ష్మణఫలమే.

బే_ఏరియా_బాబాయ్
కిటికీ దించి వానలో వెళ్తే సీటు ఏమైపోను?

పునా_పక్కింటాయన
అద్దె కారే కదా బాబాయ్